బిల్డ్ ఆగిపోయినప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?

ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేస్తుంటే, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మారుస్తుంటే (ఈ పనంతటినీ బిల్డ్ అంటారు), పది నిమిషాలు బాగానే నడిచి టక్కున ఆగిపోతుంది. తెర మీద చివరి లైన్ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: బిల్డ్ పనులను నడిపించే మేక్ అనే ప్రోగ్రాం పేరు, మూడు నక్షత్రాలు, ఏదో ఫైలు పేరు, పక్కన ‘ఎర్రర్ 1’. చాలామంది ఆ లైన్‌నే కాపీ చేసి గూగుల్‌లో వేస్తారు. వేల ఫలితాలు వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. ‘ఎర్రర్ 1’ ఏ లోపానికీ పేరు కాదు మరి. మేక్ ఒక కమాండ్‌ను నడిపింది, అది సున్నాకు బదులు 1 అనే అంకెతో తిరిగొచ్చింది, అంతే. ఎందుకలా వచ్చిందో మేక్‌కు తెలియదు, కనుక్కునే ప్రయత్నమూ చేయదు. సెక్షన్‌లో ఫైలు ఎందుకు ఆగిందని అటెండర్‌ని అడిగితే ‘సంతకం కాలేదండీ’ అనే చెప్తాడు. కారణం కావాలంటే లోపలికి వెళ్లి సంబంధిత గుమాస్తాను పట్టుకోవాల్సిందే.

బిల్డ్ సమస్యల్లో సగం చిక్కు ఇక్కడే ఉంది. మనం కొట్టే కమాండ్ ఒకటే అయినా, దాని వెనక పనిచేసే ప్రోగ్రాములు అరడజను దాకా ఉంటాయి. మేక్ షెల్‌ను (కమాండ్లను నడిపే ప్రోగ్రాంను) పిలుస్తుంది. షెల్ జీసీసీ అనే కంపైలర్‌ను పిలుస్తుంది. జీసీసీ కూడా స్వయంగా కంపైల్ చేయదు, పనిని పంచి పెడుతుంది: సీ కోడ్‌ను మెషీన్ భాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీగా మార్చేది సీసీ1 అనే ప్రోగ్రాం, దాన్ని మెషీన్ కోడ్ ఉండే ఆబ్జెక్ట్ ఫైలు చేసేది ఏఎస్ అనే అసెంబ్లర్, చివర్లో అన్నిటినీ కలిపి కుట్టేది ఎల్‌డీ అనే లింకర్. లింకర్‌కు, జీసీసీకి మధ్య కలెక్ట్2 అని ఇంకొకటి. కింద ఎక్కడ దెబ్బ తగిలినా ఆ కబురు పైకి పాకుతూ వస్తుంది. పాకేకొద్దీ అందులోని వివరం తగ్గిపోతుంది. మన కంటికి చివర్లో కనిపించేది అందరిలోకీ తక్కువ తెలిసిన ప్రోగ్రాం చెప్పిన మాట.

ప్యాకేజీలను వేసి పెట్టే పైథాన్ వాళ్ల పిప్ ఈ విషయాన్ని ఇప్పుడు బాహాటంగానే ఒప్పుకుంటోంది. ఏదైనా ప్యాకేజీ బిల్డ్ విఫలమైతే, ఈ ఎర్రర్ వేరే సబ్‌ప్రాసెస్ (పిప్ పిలిచిన ఇంకో ప్రోగ్రాం) నుంచి వచ్చింది, బహుశా పిప్ తప్పు కాదు అని ఒక నోట్ వేస్తుంది. ఆ నోట్ చూశాక కూడా పిప్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకునేవాళ్లు ఉన్నారు.

కాబట్టి ఎర్రర్ కనిపించగానే మొదట అడగాల్సింది ‘దీన్నెలా సరిచేయాలి’ అని కాదు, ‘ఈ మాట అన్నదెవరు’ అని. జవాబు చాలాసార్లు ఆ లైన్‌లోనే ఉంటుంది. యూనిక్స్ సంప్రదాయంలో ప్రోగ్రాం తన పేరు చెప్పి, కోలన్ పెట్టి, ఆ తర్వాత గోడు వెళ్లబోసుకుంటుంది. ‘ఎల్‌డీ:’ అని మొదలైతే లింకర్. ‘కలెక్ట్2:’ అని మొదలై ‘ఎల్‌డీ 1 తో తిరిగొచ్చింది’ అంటే అదీ కబురు మోసేదే, ఇంకా పైకి చూడాలి. ఫైలు పేరు, లైన్ నంబరు, కాలమ్ నంబరు వరసగా వస్తే కంపైలర్. ‘అసెంబ్లర్ మెసేజెస్’ అని ముందు ఒక లైన్ ఉంటే ఏఎస్. ‘కాన్ఫిగర్: ఎర్రర్:’ అని ఉంటే మాట్లాడింది బిల్డ్‌కు ముందు మెషీన్‌ను పరీక్షించే స్క్రిప్ట్, అసలు కంపైల్ దాకా పోనేలేదని అర్థం.

మేక్ చూపించే అంకెల్లో కొన్నిటికి మాత్రం కచ్చితమైన అర్థం ఉంది. 127 వస్తే షెల్‌కు ఆ పేరుతో కమాండే దొరకలేదు. 126 వస్తే ఫైలు దొరికింది కానీ నడిపే వీలు లేదు, చాలాసార్లు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండదు. 128 దాటిన అంకె వస్తే అందులోంచి 128 తీసేయాలి, మిగిలింది ప్రోగ్రాంను ఆపేసిన సిగ్నల్ నంబరు. 139లో మిగిలేది 11, అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకుంది. 137లో మిగిలేది 9, అంటే ఎవరో చంపేశారు. ఆ చంపినవాడి సంగతి తర్వాత వస్తుంది.

మొదటి ఎర్రర్ ఎక్కడుంది?

ఎవరన్నారో తెలిశాక, ఎన్నో మాటో చూడాలి. కంపైలర్ల విషయంలో మొదటి ఎర్రర్ ఒక్కటే నమ్మదగింది. ఒక హెడర్ ఫైల్‌లో (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైల్‌లో) సెమికోలన్ పోతే, దాన్ని కలుపుకున్న ప్రతి ఫైలూ ఎర్రర్లు కక్కుతుంది. వాటిలో చాలావరకు లేని సమస్యలే, మొదటి తప్పు దగ్గర తికమకపడిన కంపైలర్ ఊహించుకున్నవి. సీ++ టెంప్లేట్లు తోడైతే ఒక్క పొరపాటుకు వంద లైన్లు రావడం మామూలే. జీసీసీకి ‘-డబ్ల్యూఫేటల్-ఎర్రర్స్’ అనే ఆప్షన్ ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. ఎందుకోగానీ దీన్ని వాడేవాళ్లు తక్కువ.

పనిని వేగంగా ముగించడానికి అందరూ ‘మేక్ -జె8’ అని కొడతారు. ఎనిమిది పనులు ఒకేసారి నడుస్తాయి, ఎనిమిదింటి మాటలూ తెర మీద కలగాపులగం అవుతాయి. ఒకటి విఫలమైనా, అప్పటికే మొదలైన మిగతా ఏడూ పూర్తయ్యేదాకా మేక్ ఎదురుచూస్తుంది. ఈలోపు అవి రాసే వార్నింగులు అసలు ఎర్రర్‌ను పైకి నెట్టేస్తాయి. అందుకే చివరి ఇరవై లైన్ల స్క్రీన్‌షాట్ పంపించి ‘ఏమైందో చెప్పండి బ్రో’ అంటే ఎంత తెలిసినవాడైనా ఏమీ చెప్పలేడు. విఫలమైన బిల్డ్‌ను ‘-జె1’ తో మళ్లీ నడిపితే చాలు. అప్పటికే పూర్తయిన ఫైళ్ల జోలికి మేక్ పోదు కాబట్టి, సాధారణంగా కొద్దిసేపట్లోనే ఆ ఎర్రర్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. జీఎన్‌యూ మేక్ 4.0 నుంచి ‘-ఓ’ అనే ఆప్షన్ కూడా ఉంది, ఏ పని మాటలు ఆ పనికి విడిగా కట్ట కట్టి చూపిస్తుంది.

-జె1 తో సాఫీగా పూర్తయి, -జె8 తో మాత్రమే విఫలమైతే అది వేరే రోగం. మేక్‌కు పనులు చెప్పే మేక్‌ఫైల్‌లో ఏ ఫైలు దేని మీద ఆధారపడుతుందో రచయిత పూర్తిగా రాయలేదన్నమాట. ఒక్కొక్కటిగా నడిచినప్పుడు వరస అదృష్టం కొద్దీ సరిపోయింది, ఒకేసారి నడిచేసరికి బండారం బయటపడింది. ఇలాంటివి కావాలని బయటికి లాగడానికే 2022లో వచ్చిన మేక్ 4.4లో పనుల వరసను కలగలిపే ‘--షఫుల్’ ఆప్షన్ పెట్టారు.

లాగ్‌ను ఫైల్‌లోకి మళ్లించడం మంచి అలవాటే. అయితే అందులో ఒక గోతి ఉంది. ‘మేక్ 2>&1 | టీ బిల్డ్.లాగ్’ అని రాస్తే, మొత్తం కమాండ్ ఫలితంగా షెల్ లెక్కలోకి తీసుకునేది చివర ఉన్న టీ (తనకొచ్చినదాన్ని తెర మీదా ఫైల్‌లోనూ రాసే ప్రోగ్రాం) ఫలితాన్ని. టీ దాదాపు ఎప్పుడూ విజయవంతమే. మేక్ కూలిపోయినా స్క్రిప్ట్ ముందుకు సాగిపోతుంది. ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్ మీద పచ్చ టిక్కు చూసి, తీరా ఫైల్ తెరిస్తే పాత వెర్షన్ ఉండటానికి ఇదొక కారణం. బాష్ షెల్‌లో ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ అని ముందే పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్: ఒక్క బిల్డ్‌లో అన్ని రకాల ఎర్రర్లు

ఇదంతా ఒకచోట చూడాలంటే వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాధనాన్ని మించిన ఉదాహరణ లేదు. వీడియోల మీద తెలుగు అక్షరాలు వేసేవాళ్లకు దీన్ని సొంతంగా కంపైల్ చేసుకోవడానికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. ఇందులో డ్రాటెక్స్ట్ అనే ఫిల్టర్ వీడియో మీద రాతను గీస్తుంది. 6.1 వెర్షన్‌కు ముందు అది ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో బొమ్మను పక్కపక్కన పేర్చుకుంటూ పోయేది. ‘స్త్రీ’ అనే మాటలో ఆరు సంకేతాలున్నాయి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుడి దీర్ఘం విడివిడిగా వరసకట్టి నిలబడితే అది చదవడానికి తెలుగులా ఉండదు. 2023 నవంబరులో వచ్చిన 6.1 నుంచి డ్రాటెక్స్ట్ హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీని (అక్షరాలను కలిపి కూర్చే రెడీమేడ్ కోడ్‌ను) వాడుకుంటోంది, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటున్నాయి. సబ్‌టైటిల్స్ ఫిల్టర్ వేరే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్‌ను అంతకుముందు నుంచే వాడుకుంటోంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

అయితే హార్ఫ్‌బజ్ తనంతట తాను లోపలికి రాదు. కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ను నడిపేటప్పుడు ‘--ఎనేబుల్-లిబ్‌ఫ్రీటైప్ --ఎనేబుల్-లిబ్‌హార్ఫ్‌బజ్’ అని అడగాలి. అడగకపోతే ఏ ఎర్రరూ రాదు, బిల్డ్ చక్కగా పూర్తవుతుంది. తర్వాతెప్పుడో వీడియో చేస్తుంటే ‘డ్రాటెక్స్ట్ అనే ఫిల్టరే లేదు’ అంటుంది. మౌనంగా తప్పిపోయే ఈ రకం అన్నిటికంటే చికాకు పెడుతుంది, ఎందుకంటే దీనికి ఎర్రర్ లైన్ అంటూ ఏదీ ఉండదు. కాన్ఫిగర్ ముగిసేటప్పుడు ఏయే లైబ్రరీలు, ఏయే ఫిల్టర్లు ఎనేబుల్ అయ్యాయో పెద్ద జాబితా వేస్తుంది. దాన్ని ఒకసారి కంటితో చూడటానికి అర నిమిషం పట్టదు.

అడిగితే తరచూ వచ్చే ఎర్రర్ ‘హార్ఫ్‌బజ్ నాట్ ఫౌండ్ యూజింగ్ పీకేజీ-కాన్ఫిగ్’. పీకేజీ-కాన్ఫిగ్ అంటే ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే సాధనం. చాలామంది ఇక్కడ, అదేంటి, హార్ఫ్‌బజ్ నా మెషీన్‌లో ఉందే అని అయోమయపడతారు. నిజమే, ఉంటుంది. బ్రౌజర్‌లో తెలుగు కనిపిస్తోందంటే లైనక్స్‌లో అది ఉండే ఉంటుంది. కానీ ప్రోగ్రాములు నడవడానికి కావలసిన లైబ్రరీ వేరు, దాని మీద కొత్త ప్రోగ్రాం కట్టడానికి కావలసిన హెడర్లు, లైబ్రరీ వివరాలు రాసిన .పీసీ ఫైలు వేరు. డెబియన్, ఉబుంటుల్లో రెండో రకం పేరు చివర ‘-డెవ్’ ఉంటుంది, ఫెడోరాలో ‘-డెవెల్’ ఉంటుంది. ‘ఫలానా.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని కంపైలర్ అరిచినా చాలావరకు ఇదే కారణం. ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఉబుంటులో ‘ఏపీటీ-ఫైల్ సెర్చ్’ చెబుతుంది.

-డెవ్ ప్యాకేజీ వేశాక కూడా అదే ఎర్రర్ వస్తే, పీకేజీ-కాన్ఫిగ్ ఎక్కడ వెతుకుతోందో చూడాలి. లైబ్రరీని సొంతంగా హోమ్ ఫోల్డర్‌లో కట్టుకుని ఉంటే, పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే వేరియబుల్‌లో ఆ చోటు చెప్పాలి. ఇంకో దొంగ దెబ్బ అనకొండ అనే పైథాన్ సాధనాల కట్ట వల్ల తగులుతుంది. డేటా సైన్స్ కోర్సు కోసం అనకొండ వేసుకున్న ల్యాప్‌టాప్‌లో, దాని సొంత పీకేజీ-కాన్ఫిగ్ పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు వరసలో కూర్చునే అవకాశం ఉంది. అది తన ఫోల్డర్‌లో వెతుకుతుంది కానీ సిస్టమ్ ఫోల్డర్‌లో కాదు. ‘విచ్ పీకేజీ-కాన్ఫిగ్’ అని ఒక్కసారి అడిగితే తెలిసిపోతుంది.

ఇంతకంటే తిరకాసు వీడియోను కుదించే ఎక్స్265 అనే లైబ్రరీ దగ్గర ఎదురవుతుంది. దాన్ని స్టాటిక్ లైబ్రరీగా (ప్రోగ్రాం ఫైల్‌లోనే కలిసిపోయే రకంగా) కట్టుకున్నాక, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాన్ఫిగర్ ‘ఎక్స్265 నాట్ ఫౌండ్ యూజింగ్ పీకేజీ-కాన్ఫిగ్’ అంటుంది. పీకేజీ-కాన్ఫిగ్‌ను నేరుగా అడిగితే ‘ఉంది’ అంటుంది. ఇద్దరిలో అబద్ధం చెబుతున్నది ఎవరు? కాన్ఫిగర్ సందేశమే అసంపూర్ణం. అది చేసే పరీక్షలో రెండు దశలున్నాయి: .పీసీ ఫైలు ఉందా అని అడగడం, తర్వాత చిన్న సీ ప్రోగ్రాం రాసి ఆ లైబ్రరీతో లింక్ చేసి చూడటం. రెండో దశ విఫలమైనా పైకి వచ్చే సందేశం ఒకటే. అసలు కథ ‘ఎఫ్ఎఫ్‌బిల్డ్’ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్.లాగ్‌లో ఉంటుంది. ఆ ఫైలును చివరి నుంచి పైకి చదివితే పరీక్షకు రాసిన ప్రోగ్రాం, దాన్ని లింక్ చేయడానికి వాడిన పూర్తి కమాండ్, దాని కింద లింకర్ పడిన ఏడుపు అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తాయి. ఎక్స్265 సీ++ లో రాసింది, దానికి సీ++ రన్‌టైమ్ లైబ్రరీ కావాలి, సీ కంపైలర్ దాన్ని తనంతట తాను కలపదు. ‘--పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్=--స్టాటిక్’ అని ఇస్తే .పీసీ ఫైల్‌లో విడిగా దాచిన ఆ పేర్లు కూడా వస్తాయి, పరీక్ష పాసవుతుంది.

నాస్మ్ అనే అసెంబ్లర్ లేకపోతే వచ్చే సందేశం ఇంకో పాఠం. నాస్మ్ దొరకలేదు లేదా మరీ పాతది, క్రిపుల్డ్ బిల్డ్ కావాలంటే ‘--డిసేబుల్-ఎక్స్86ఏఎస్ఎం’ వాడండి అని అది చెబుతుంది. ఎర్రర్ పోవాలన్న తొందరలో ఆ ఆప్షన్‌ను కాపీ చేసి పెట్టేసేవాళ్లు కొల్లలు. బిల్డ్ పూర్తవుతుంది, కానీ చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్ మొత్తం పక్కకు పోయి, వీడియో పని ఈడుస్తూ నడుస్తుంది. చేయాల్సిందల్లా నాస్మ్ ప్యాకేజీ వేసుకోవడమే. ఎర్రర్ సందేశం సూచించిన దారి ఎర్రర్‌ను మాయం చేసే దారి కావచ్చు, పని జరిగే దారే కానవసరం లేదు.

ఇదే బిల్డ్‌లో అసెంబ్లర్ మాట్లాడిన సందర్భం కూడా ఒకటుంది. 2023 జూలైలో ఏఎస్, ఎల్‌డీ ఉండే కట్ట జీఎన్‌యూ బైన్‌యుటిల్స్ 2.41 వచ్చాక, అంతకుముందు విడుదలైన ఎఫ్ఎఫ్ఎంపెగ్ వెర్షన్లు కొత్త లైనక్స్‌ల మీద మ్యాథాప్స్.హెచ్ అనే ఫైలు దగ్గర ‘ఆపరాండ్ టైప్ మిస్‌మ్యాచ్ ఫర్ ఎస్‌హెచ్ఆర్’ అంటూ ఆగిపోవడం మొదలైంది. ఫైలు పేరు చూసి సీ కోడ్‌లో తప్పు వెతికితే రోజంతా వెతకొచ్చు. పైన ‘అసెంబ్లర్ మెసేజెస్’ అన్న లైన్ గమనిస్తే దారి మారుతుంది: ఆ హెడర్‌లో సీ మధ్యలో ఇరికించిన అసెంబ్లీ ఉంది, దాన్ని అప్పటిదాకా చూసీచూడనట్టు వదిలేసిన అసెంబ్లర్ కొత్త వెర్షన్‌లో పట్టుకుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్లు ఆ నెలలోనే సవరించారు, 6.1లో ఆ సమస్య లేదు.

చివరి మలుపు ఇన్‌స్టాల్ అయ్యాక. అన్నీ గట్టెక్కాయి, ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వెర్షన్’ అని కొడితే పాత వెర్షనే పలుకుతుంది. కొత్తది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లోకి వెళ్లింది, పాతది /యూఎస్ఆర్/బిన్‌లో ఉంది, బాష్ ఒకసారి కనిపెట్టిన చోటును గుర్తుపెట్టుకుని అక్కడికే పోతోంది. ‘హ్యాష్ -ఆర్’ కొడితే ఆ జ్ఞాపకం పోతుంది. ‘టైప్ -ఏ ఎఫ్ఎఫ్ఎంపెగ్’ అంటే ఎన్ని కాపీలున్నాయో చూపిస్తుంది. షేర్డ్ లైబ్రరీ (నడిచేటప్పుడు బయటి నుంచి కలుపుకునే రకం) దొరకలేదంటూ ప్రోగ్రాం మొదలవకుండానే ఆగితే, అక్కడ మాట్లాడుతున్నది ప్రోగ్రాంను, దాని లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించే లోడర్. ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ తో సాధారణంగా తీరిపోతుంది.

లింకర్ వరస

‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే కంపైలర్ పని అయిపోయింది, హెడర్‌లో చెప్పిన ఫంక్షన్ అసలు రూపం లింకర్‌కు దొరకలేదు. లైబ్రరీ పేరు ఇవ్వడం మరిచిపోవడం ఒక కారణం. పేరును తప్పు వరసలో ఇవ్వడం రెండో కారణం, కొత్తవాళ్లను ఎక్కువ ఏడిపించేది ఇదే. స్టాటిక్ లైబ్రరీలను ఎల్‌డీ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. లైబ్రరీ ఎదురైనప్పుడు అప్పటిదాకా తీరని పేర్లేవో చూసి, అవి మాత్రమే తీసుకుంటుంది. ‘-ఎల్ఎం’ ను ముందు రాసి ఆబ్జెక్ట్ ఫైలును తర్వాత రాస్తే, లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఖాళీ చేతులతో దాటిపోతుంది. ఉబుంటు 11.10 నుంచి ‘--యాజ్-నీడెడ్’ డిఫాల్ట్ కావడంతో షేర్డ్ లైబ్రరీలకూ ఇదే వరస వర్తిస్తోంది. అడిగేవాళ్లు ముందు, ఇచ్చేవాళ్లు తర్వాత ఉండాలి.

సీ++ లో పేర్లు గజిబిజిగా కనిపిస్తే సీ++ఫిల్ట్ అనే చిన్న సాధనం చదవగలిగే రూపంలోకి మారుస్తుంది. ఆ పేర్లలో ‘__సీఎక్స్ఎక్స్11’ కనిపిస్తే, ఒక లైబ్రరీ జీసీసీ 5కు ముందు పద్ధతిలో, ఇంకొకటి తర్వాతి పద్ధతిలో కట్టారని దాదాపు ఖాయం. మ్యాక్‌లో ‘ఏఆర్ఎం64కు సింబల్స్ లేవు’ అని వస్తే, పాత ఇంటెల్ లైబ్రరీ ఏదో కలిసిందేమో చూడాలి. మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే హోమ్‌బ్రూ పాతదైతే /యూఎస్ఆర్/లోకల్‌లో, కొత్తది /ఆప్ట్/హోమ్‌బ్రూలో ఉంటుంది. రెండూ ఉన్న మెషీన్లు తక్కువేమీ కాదు.

నిరుడు నడిచిన కోడ్ ఈ ఏడు ఎందుకు నడవదు?

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, అయినా బిల్డ్ కాదు. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది సాధనాల వెర్షన్లనే. 2020లో జీసీసీ 10, హెడర్‌లో గ్లోబల్ వేరియబుల్‌ను ‘ఎక్స్‌టర్న్’ లేకుండా డిక్లేర్ చేసే పాత అలవాటును సహించడం మానేసింది, ‘మల్టిపుల్ డెఫినిషన్’ ఎర్రర్లు వరదలా వచ్చాయి. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడాన్ని సీ ప్రమాణం 1999లోనే తీసేసినా జీసీసీ వార్నింగ్‌తో సరిపెట్టేది. 2024లో జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గా మార్చింది. 2025లో జీసీసీ 15 డిఫాల్ట్‌గా సీ23 ప్రమాణానికి మారింది, అందులో బూల్ అనేది భాషలోని కీవర్డ్. సొంతంగా బూల్ నిర్వచించుకున్న పాత ప్రోగ్రాములెన్నో అక్కడ బోల్తా పడ్డాయి. ‘-ఎస్‌టీడీ=జీఎన్‌యూ17’ ఇచ్చి చూస్తే కారణం ఇదేనా కాదా అన్నది క్షణంలో తేలుతుంది.

వీటిలో జీసీసీ 14 మార్పు పైకి కనిపించే దానికంటే లోతైనది. పాత కాన్ఫిగర్ స్క్రిప్టులు ఒక ఫంక్షన్ సిస్టమ్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ప్రోగ్రాములు రాస్తాయి. ఆ ప్రోగ్రాములే నాసిరకం సీలో రాసి ఉంటాయి. వార్నింగ్ కాస్తా ఎర్రర్ అయ్యేసరికి పరీక్ష విఫలమవుతుంది, కాన్ఫిగర్ మాత్రం ‘ఆ ఫంక్షన్ ఈ మెషీన్‌లో లేదు’ అని రాసుకుని ముందుకు పోతుంది. బిల్డ్ పూర్తవుతుంది, ఒక సౌకర్యం మాత్రం లేకుండా. మార్పు రాకముందు నుంచే ఫెడోరా డెవలపర్లు ఇలాంటి ప్యాకేజీలను వెతికి సరిచేసే పని పెట్టుకోవాల్సి వచ్చింది.

మేక్‌ఫైళ్లను తయారుచేసి పెట్టే సీమేక్ 4.0 కూడా 2025 మార్చిలో ఇలాంటి కుదుపే ఇచ్చింది. 3.5 కంటే పాత వెర్షన్ కోసం రాసిన ప్రాజెక్టులను అది తిరస్కరిస్తుంది. ‘-డీసీమేక్_పాలసీ_వెర్షన్_మినిమమ్=3.5’ తో గట్టెక్కే దారిని ఆ సందేశంలోనే చెబుతుంది. నాస్మ్ విషయంలోలా కాకుండా ఈ సలహా పాటించదగ్గదే. జావాస్క్రిప్ట్ వాళ్లకు ఎదురైంది మరీ వింత. నోడ్ ప్యాకేజీలను వేసే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ మధ్యలో ‘డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదు’ అని వస్తుంది. అది పైథాన్ మాడ్యూల్. నోడ్‌కూ దానికీ సంబంధం ఏమిటి? నేటివ్ ప్యాకేజీలను కట్టే నోడ్-జిప్ అనే సాధనం పైథాన్‌ను పిలుస్తుంది, 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 డిస్ట్‌యుటిల్స్‌ను తీసేసింది. మాట్లాడింది పైథాన్, కబురు తెచ్చింది ఎన్‌పీఎం. నోడ్-జిప్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవాలి, లేదా పైథాన్‌లో సెటప్‌టూల్స్ వేయాలి.

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఆఫీసు మెషీన్ మీద పనిచేసే మనవాళ్లకు ఒక చిట్కా: జీసీసీ ఎర్రర్లు ఆ భాషలో వస్తుంటే కమాండ్ ముందు ‘ఎల్‌సీ_ఆల్=సీ’ అని పెడితే ఇంగ్లిష్‌లో వస్తాయి, వెతకడం తేలికవుతుంది.

మేక్ జ్ఞాపకశక్తి

మేక్ పుట్టుకే ఇలాంటి ఒక చికాకులోంచి వచ్చింది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో యాక్ అనే సాధనం సృష్టికర్త స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా సరిగ్గానే ఉన్న ప్రోగ్రాంలో బగ్ వెతుకుతూ గడిపాడు. బగ్‌ను అప్పటికే సరిచేశాడు, ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మాత్రం మరిచాడు. ఆ ఉక్రోషంతో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వెళ్లాడు, ఫెల్డ్‌మన్ మేక్ రాశాడు. కమాండ్ లైన్ల ముందు ట్యాబ్ తప్పనిసరి అనే నియమమూ అప్పటిదే. అది పొరపాటని ఫెల్డ్‌మన్‌కు త్వరగానే తెలిసినా, అప్పటికే డజను మందో ఎంతమందో వాడుతున్నారు కదా, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఎడిటర్ ట్యాబ్‌ను స్పేస్‌లుగా మార్చినప్పుడల్లా ‘మిస్సింగ్ సెపరేటర్’ ఇప్పటికీ పలకరిస్తోంది.

మేక్ తెలివి అంతా ఫైలు తేదీల్లో ఉంది. సోర్స్ కంటే ఆబ్జెక్ట్ ఫైలు పాతదైతే మళ్లీ కడుతుంది, లేకపోతే ముట్టుకోదు. ఫైలులో ఏముందో చూడదు. అందుకే సీఫ్లాగ్స్ (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్లు) మార్చి మళ్లీ మేక్ కొడితే, మామూలుగా రాసిన మేక్‌ఫైల్‌లో ఏమీ జరగదు. నెట్‌వర్క్ డ్రైవ్ గడియారం, మెషీన్ గడియారం కలవకపోతే ‘క్లాక్ స్క్యూ’ అని హెచ్చరిస్తుంది. దాన్ని వార్నింగే కదా అని వదిలేయకూడదు, ఏది కట్టింది ఏది కట్టలేదు అన్న నమ్మకమే అక్కడ పోతుంది. ఇంకొక పరిమితి, ఫైలు పేరులో ఖాళీ ఉంటే మేక్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది. విండోస్‌లో యూజర్ పేరు రెండు మాటలుగా పెట్టుకుని ఆ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేసేవాళ్లకు ఇది తగులుతుంది. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో చిన్న పేరున్న ఫోల్డర్‌కు మార్చడమే సుఖం.

సీమేక్‌కు జ్ఞాపకం ఇంకా గట్టిది. మొదటిసారి దొరికిన కంపైలర్, లైబ్రరీల చోట్లు సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీలో రాసిపెట్టుకుంటుంది. తర్వాత మీరు కొత్త కంపైలర్ వేసినా పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. 3.24 నుంచి ‘--ఫ్రెష్’ అనే ఆప్షన్ ఉంది, అంతకుముందువి అయితే బిల్డ్ ఫోల్డర్‌ను తీసేయడమే మార్గం.

ఏ ఎర్రర్ వచ్చినా ముందు, కట్టిన ఫైళ్లను తుడిచేసే ‘మేక్ క్లీన్’ కొట్టేసే అలవాటు గురించి ఒక మాట. తేదీల గందరగోళం వల్ల వచ్చిన సమస్య అయితే అది నిజంగా పోతుంది. కానీ ఏ ఫైలు పాతబడి అలా అయిందో తెలిపే ఆనవాళ్లూ దాంతోపాటే పోతాయి, మళ్లీ వారం తర్వాత అదే సమస్య వస్తుంది. క్లీన్ కొట్టేముందు ‘మేక్ -ఎన్’ తో అది ఏం చేయబోతోందో, ‘మేక్ --ట్రేస్’ తో ఎందుకు చేస్తోందో చూడటం మేలు. మేక్‌కు బదులు నింజా వాడేవాళ్లకు ‘నింజా -డీ ఎక్స్‌ప్లెయిన్’ అదే పని చేసి పెడుతుంది.

ఎవరూ మాట్లాడకుండా చచ్చిపోతే

ఇక 137 సంగతి. ‘కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రాం సీసీ1ప్లస్’ అని వస్తే ఆ సీ++ కంపైలర్‌కు చెప్పుకునే అవకాశం కూడా దొరకలేదు. ర్యామ్ నిండిపోయి లైనక్స్ కెర్నలే దాన్ని చంపేసింది. బరువైన సీ++ ఫైలు ఒక్కటి కంపైల్ కావడానికి ఒక జీబీకి పైగా తినగలదు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఉంచి -జె8 కొడితే ఏమవుతుందో లెక్క కట్టుకోవచ్చు. కెర్నల్ రాసుకునే ‘డీమెసేజ్’ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని హంతకుడి సంతకం ఉంటుంది. -జె2కి తగ్గించడం, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెంచడం, రెండూ పనిచేస్తాయి. డాకర్‌లోనో చిన్న క్లౌడ్ మెషీన్‌లోనో కడుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

అన్నిటికంటే అరుదైనది కంపైలర్ తానే కూలిపోవడం, ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’. ఒకే ఫైలు, ఒకే లైన్ దగ్గర ప్రతిసారీ వస్తే అది నిజంగా కంపైలర్ బగ్, జీసీసీ వాళ్లకు నివేదించదగ్గది. ఒకసారి ఒక ఫైలు దగ్గర, మళ్లీ కొడితే ఇంకో ఫైలు దగ్గర వస్తుంటే కథ వేరు. చాలా లైనక్స్‌లలో ఉండే జీసీసీ అలా కూలినప్పుడు అదే కమాండ్‌ను తనంతట తానే మళ్లీ నడిపి చూస్తుంది, రెండోసారి రాకపోతే ఇది బహుశా హార్డ్‌వేర్ లేదా ఓఎస్ సమస్య అని రాస్తుంది. పెద్ద బిల్డ్ గంటల తరబడి ర్యామ్ మూలమూలలా వాడుతుంది, మామూలు వాడకంలో బయటపడని చెడ్డ బిట్ అక్కడ బయటపడుతుంది. అప్పుడు మేక్‌ఫైల్ మూసేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా నడవనివ్వాలి. ఎర్ర లైన్ ఒక్కటి కనిపించినా ర్యామ్ స్టిక్‌లను ఒకటొకటిగా తీసి, ఏది పాడైందో పట్టుకుని మార్చాలి.